మీరడిగారు: ఈకకు ఇంత గీరా?

పోయిన నెల ఈ పేజీలో, పరుగు పందెంలో గెలిచిన ఒక పల్లెటూరి అమ్మాయి గురించి జవాబు రాస్తూ, చివర్లో అలవాటు కొద్దీ "ఊరి కీర్తికిరీటంలో కలికితురాయి" అని ఒక ముక్క పడేశాను. రాసేటప్పుడు దాని గురించి అర సెకను కూడా ఆలోచించలేదని ఒప్పుకుంటున్నా. ఆ ఒక్క మాట మీద వచ్చినన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు నేను కరెంటు బిల్లుల మీద రాసినప్పుడు కూడా రాలేదు. సరే, ఈసారి పేజీ మొత్తం ఈకలకే.

ప్ర: కలికితురాయి ఉండేది తలపాగాలో నాయనా, కిరీటంలో కాదు. ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని, పేపర్లో ఈ మాట కనిపించినప్పుడల్లా పంటికింద రాయి పడ్డట్టు ఉంటుంది. అసలు దాని అర్థం తెలిసే రాశారా?
— రిటైర్డ్ తెలుగు మాస్టారు, తణుకు

జ: మాస్టారూ, గుంజీలు తీస్తున్నాను. మీరు చెప్పిందే రైటు. కల్గీ, తుర్రా అని రెండు మాటలు, రెండూ ఉర్దూ మీదుగా మనకొచ్చినవే, రెండూ తలపాగాకు చెందినవే. కల్గీ అంటే తలపాగా ముందువైపు నిలువుగా గుచ్చే ఈక, చాలాసార్లు కొంగ జాతి పక్షిది. తర్వాత్తర్వాత ఆ ఈక ఆకారంలో బంగారంతో, రాళ్లతో చేసిన నగను కూడా అదే పేరుతో పిలిచారు. తుర్రా అంటే కుచ్చు. ఈ రెండూ కలిసి మన నోళ్లలో నలిగి నలిగి కలికితురాయి అయ్యాయి, కాబట్టి అందగత్తెను పిలిచే 'కలికి'కీ దీనికీ చుట్టరికం లేదు. మహారాష్ట్ర లావణీ పాటల్లో అయితే కల్గీ, తురా అని రెండు పోటీ జట్లు ఉన్నాయి. కల్గీ వాళ్లు శక్తి గొప్పదంటారు, తురా వాళ్లు శివుడే గొప్పంటారు, ఇక సవాళ్లూ జవాబులూ పాటల్లోనే. అక్కడ వాదులాడుకునే రెంటినీ మనం ఒకే మాటలో కట్టిపడేశాం.

దర్బారు రోజుల్లో డబ్బుంది కదా అని ఎవరు పడితే వాళ్లు దీన్ని గుచ్చుకునే వీలు లేదు, పాదుషా మెచ్చి ఇస్తేనే తల మీదికి ఎక్కాలి. నిజాం నగల్లోనూ తలపాగాకు పెట్టుకునే సర్పేచ్‌లు ఉన్నాయి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న 173 నగల్లో భాగం అవి, ఆ మధ్య సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఈ పిచ్చి మన దగ్గరే కాదు. 1798లో నైలు యుద్ధంలో ఫ్రెంచివాళ్ల ఓడల్ని చిత్తు చేసినందుకు తుర్కీ సుల్తాను మూడో సెలీం, ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్‌కు తన తలపాగా తురాయిని పంపించాడు. మొత్తం వజ్రాలే, 13 రేకులు, ఒక్కో ఓడకు ఒక్కో రేకు, మధ్యలో నక్షత్రం, కీ ఇస్తే గిరగిరా తిరిగేదట. నెల్సన్ దాన్ని టోపీకి పెట్టుకుని తిరిగాడు. 1951లో లండన్‌ గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియంలోంచి ఎవడో దొంగ ఎత్తుకుపోయాడు, ఇప్పటికీ దొరకలేదు.

అంత దర్జా వెలగబెట్టిన తురాయి చివరికి ఎక్కడికి చేరిందో చూడండి, పెద్ద హోటల్ గుమ్మం దగ్గర కారు తలుపు తీసే దర్వాన్ తలపాగా మీదికి, పెళ్లి బ్యాండువాళ్ల టోపీల మీదికి. మే నెలలో రోడ్ల పక్కన ఎర్రగా విరగబూసే చెట్టును కూడా మనం తురాయి అనే అంటాం. నన్నడిగితే ఈ పేరు నిలబెట్టింది ఆ చెట్టే.

ప్ర: వచ్చే నెల నా పెళ్లి. షేర్వాణీ అద్దెకిచ్చే షాపులో తలపాగాకు తెల్లటి ఈకలున్న బ్రోచ్ పెట్టారు. "ఒరిజినల్ కొంగ ఈక సార్" అంటున్నాడు. నిజమేనా? నిజమైతే పెట్టుకోవచ్చా?
— కాబోయే పెళ్లికొడుకు, హన్మకొండ

జ: అద్దె తలపాగాకు ఒరిజినల్ కొంగ ఈక ఎవడిస్తాడు తమ్ముడూ? కోడి ఈకో, నైలాన్ పోగో అయ్యుంటుంది, నిశ్చింతగా పెట్టుకో. ఒకవేళ ఒరిజినలే అయితే మాత్రం వెంటనే తీసేయమను. ఎందుకో కింద కొంగల జవాబులో ఉంది, అది పెళ్లయ్యాక తీరిగ్గా చదువుకోవచ్చు.

ప్ర: కాలేజీ డేకు మేం గుస్సాడీ డ్యాన్స్ వేశాం. చార్టుల మీద నెమలి ఈకలు గీసి, కత్తిరించి, టోపీలు భలే చేశాం. చూడ్డానికి వచ్చిన ఒక గోండు పెద్దాయన మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. తర్వాత కలిసి అడిగితే, "అందరూ శుభ్రంగా స్నానాలు చేసి వచ్చినట్టున్నారు కదమ్మా" అని నవ్వి ఊరుకున్నారు. ఆయన తిట్టారా, పొగిడారా?
— డిగ్రీ రెండో ఏడాది, మంచిర్యాల

జ: తిట్టారమ్మా. కాకపోతే చాలా మర్యాదగా తిట్టారు.

దీపావళి ముందు రోజుల్లో ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో దండారీ జరుగుతుంది కదా, ఆ పండక్కి గుస్సాడీ కట్టేవాళ్లు ముందు దీక్ష తీసుకుంటారు. మొదలయ్యే రోజున వాయిద్యాలనూ టోపీలనూ బయటికి తీసి ఏత్మాసూర్ దేవతకు పూజ చేస్తారు. ఆ పూజతో దీక్ష పట్టినవాడు పండగ ముగిసేదాకా స్నానం చెయ్యడు. ఒంటి మీద పూసుకున్న బూడిద, రంగులు అలాగే ఉంటాయి. భుజాన మేకతోలు, మెడలో గవ్వలూ పూసల దండలూ, నడుముకు గంటలు, మొహానికి పెట్టుడు గడ్డం, చేతిలో కర్ర. ఆ వేషం ఉన్నన్నాళ్లూ అతను మీ పక్కింటి సోము కాదు, దేవుడు పూనినవాడు. ఇంటి ముందుకొస్తే పెద్దవాళ్లు కూడా దండం పెడతారు. అదే మనిషి మరు నిమిషంలో జనం మీదికి ఉరికి, కర్రతో పొడిచి, వెకిలి చేష్టలతో పిల్లల్ని నవ్విస్తాడు. భక్తికీ అల్లరికీ మధ్య గీత గీసుకోవాలన్న తాపత్రయం అక్కడ ఎవరికీ కనపడదు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఇక టోపీ. దాన్ని మల్ బూర అంటారు. గోండీలో మల్ అంటే నెమలి, తమిళం వాళ్ల మయిల్‌ను గుర్తుకు తెచ్చే మాట. నేనొకసారి దగ్గరగా చూశాను. దూరం నుంచి గొడుగులా కనిపించేది దగ్గరికెళ్తే గుత్తులు గుత్తులుగా బిగించి కట్టిన ఈక కాడల గంప. కాడలన్నీ లోపలికి, కళ్లన్నీ బయటికి. ముందువైపు అద్దం బిళ్లలు, మెరిసే పట్టీలు, రెండు పక్కలా కొమ్ములు. దాన్ని పెట్టుకున్నవాడు తల కొంచెం తిప్పితే చాలు, అన్ని కళ్లూ ఒకేసారి ఊగి వాన చినుకుల్లాంటి చిన్న చప్పుడు వస్తుంది. డప్పు, తుడుం, పెప్రే మోగుతుంటే ఆ చప్పుడు వినపడదు, ఆట ఆగి అతను మంచినీళ్లు తాగేటప్పుడు వినపడుతుంది. ఇంత టోపీ ఒక్క రోజులో తయారయ్యేది కాదు, ఒక్క పండక్కి వాడి పారేసేదీ కాదు, ఇంట్లో పదిలంగా దాచుకుంటారు.

ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం మార్లవాయిలో కనకరాజు గారని ఉండేవారు. గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకెళ్లి, ఎంతోమంది కుర్రాళ్లకు నేర్పిన గురువు ఆయన. 2021లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 అక్టోబరులో పోయారు, అదీ సరిగ్గా దండారీ రోజుల్లో. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు గోండుల మధ్య కాపురం పెట్టిన మార్లవాయి కూడా ఇదే. కనకరాజు గారు స్టేజీ మీద ఆడలేదా అని మీరు అడగొచ్చు, ఆడారు, ఆడించారు కూడా. అందుకే కాలేజీలో వెయ్యడమే తప్పని నేను అనను. చార్టు టోపీ కూడా తప్పు కాదు, పైగా నెమళ్లకు మంచిదే. కానీ ఆ పెద్దాయన ఊళ్లో ఆ టోపీ పెట్టుకోవాలంటే దీక్ష పట్టాలి, మీరు కత్తెర పట్టారు. వచ్చే ఏడాది వేసేముందు ఆయన్నే పిలిచి, ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో అడగండి. లేచి వెళ్లిపోయిన మనిషి ఈసారి ముందు వరసలో కూర్చుంటారు.

ప్ర: జాతరలో కొన్న నెమలి ఈకలు నాలుగు దేవుడి గదిలో పెట్టుకున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ, ఇంట్లో ఉంటే ఫారెస్టువాళ్లు కేసు పెడతారని చెప్పినప్పటి నుంచి ఒకటే టెన్షన్. పారేద్దామంటే దేవుడి దగ్గరవి.
— గృహిణి, కూకట్‌పల్లి

జ: నాలుగు ఈకలకు నిద్ర పాడుచేసుకోకండమ్మా. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. కానీ దానంతట అది రాల్చిన తోక ఈకలకు అదే చట్టంలో మినహాయింపు ఉంది, దేశం లోపల కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు. మగ నెమలి ఏటా జతకట్టే కాలం అయిపోయాక ఆ పొడుగు ఈకలన్నీ రాల్చేస్తుంది, ఒక్కోదానికి 150కి పైనే ఉంటాయి. చిత్రం ఏమిటంటే మనం తోక అనుకునేది తోక కాదు, తోకను పైనుంచి కప్పే ఈకలు. అసలు తోక వాటి కింద పొట్టిగా, గోధుమరంగులో, ఆ బరువును మోసుకుంటూ ఉంటుంది, పేరు మాత్రం ఎవరికో.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. రాలిన ఈక కాడ మొదలు శుభ్రంగా, పొడిగా, తెల్లగా ఉంటుంది. మొదట్లో రక్తం మరక కనిపిస్తే అది పీకింది, అంటే నెమలి చచ్చిందనే లెక్క, అలాంటివి కొనొద్దు, అమ్మేవాణ్ని వదలొద్దు. ఇంకో సంగతి, దేశం దాటించడం నిషేధం, కాబట్టి విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపే ఆవకాయ జాడీ పక్కన ఈకలు సర్దకండి. ఇక నెమలీకలుంటే బల్లులు రావని కొంతమంది నమ్ముతారు. మా ఇంట్లో బల్లి కాపురం పెట్టింది సరిగ్గా ఆ ఈకల కట్ట వెనకే.

ప్ర: అంకుల్, నెమలీకను పుస్తకంలో పెట్టి పెన్సిల్ పొట్టు మేత వేస్తే పిల్లలు పెడుతుందా? మా క్లాసులో పందెం కాశాం.
— నాలుగో తరగతి, ఒంగోలు

జ: ఏ వైపు కాశావో చెప్పలేదేం? పెట్టదు నాన్నా. నేనూ నీ వయసులో సాంఘిక శాస్త్రం పుస్తకంలో పెట్టి, పెన్సిల్ పొట్టు వేసి, రోజుకు పదిసార్లు తెరిచి చూసేవాణ్ని. మూడో వారం దాని పక్కన నిజంగానే రెండు చిన్న పోగులు కనిపించాయి! ఇల్లంతా గెంతాను. తర్వాత తెలిసింది, తెరిచి మూసి తెరిచి మూసి నలిగిపోయి దాని పక్క పోగులే ఊడాయి. మీ క్లాసులో ఎవరికైనా 'పిల్లలు' పుట్టి ఉంటే అవి ఇవే.

ఇంకో ఆట చెప్తా, దీని మీద పందెం కాయి, గెలుస్తావు. నెమలికన్నును వెలుతురులో పట్టుకుంటే నీలం, ఆకుపచ్చ, రాగిరంగు కనిపిస్తాయా? ఇప్పుడు దాన్ని కిటికీకి అడ్డంగా పెట్టి, వెనక నుంచి వెలుతురు వచ్చేలా చూడు. రంగులన్నీ మాయమై గోధుమరంగు ఒక్కటే మిగులుతుంది. ఎందుకంటే అందులో నీలం రంగు అనేదే లేదు, ఉన్నది గోధుమ నలుపు పదార్థం మాత్రమే. కంటికి కనపడనంత సన్నటి కడ్డీలు వరసగా పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య సందును బట్టి వెలుతురు నీలంగానో ఆకుపచ్చగానో వెనక్కి వస్తుంది. సబ్బు బుడగ మీద రంగులు కనిపిస్తాయే, కొంచెం అలాగన్నమాట. తాతల కాలం నాటి ఈక కూడా వెలిసిపోకుండా ఉండేది అందుకే, వెలవడానికి అక్కడ వేసిన రంగే లేదు మరి.

ప్ర: లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక మ్యూజియంలో నూరేళ్ల కిందటి ఆడవాళ్ల టోపీలు చూశాను. ఒకదాని మీద చచ్చిన పక్షినే మొత్తంగా కుట్టేశారు! ఇంకోదాని మీద తెల్లటి, జాలరు లాంటి సన్నటి ఈకలు. అచ్చం మా పొలంలో తిరిగే కొంగవి లాగే ఉన్నాయి. నా భ్రమా?
— రైతు, తెనాలి దగ్గర పల్లె

జ: భ్రమ కాదండీ, మీది రైతు కన్ను. అవి తెల్లకొంగ ఈకలే. అన్ని రోజులూ ఉండేవి కావు, గూడు కట్టి పిల్లల్ని పెట్టే కాలంలో మాత్రమే కొంగ వీపు మీద మొలిచే పెళ్లి ముస్తాబు అది. ఫ్రెంచిలో ఆ ఈకను ఎగ్రెట్ అంటారు, ఇంగ్లీషులో ఆ కొంగ పేరూ దాదాపు అదే. మన కల్గీలాగే అక్కడా ఈక పేరే తల మీది నగ పేరు అయింది.

మన పాదుషాల కాలంలో తల మీదికి ఎక్కే ఈకలు ఎన్ని? దర్బారుకు పదో ఇరవయ్యో. పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ ముచ్చట బజార్లో కొనుక్కునే ఫ్యాషన్ అయింది. లక్షలమంది ఆడవాళ్లు, ఏడాదికో కొత్త టోపీ. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షుల శాస్త్రవేత్త న్యూయార్క్ బజార్లలో రెండు సాయంత్రాలు నడిచి లెక్కపెడితే 700 టోపీల్లో 542 మీద ఈకలున్నాయి, 40 రకాల పక్షులవి. కొంగ ఈక ధర బంగారాన్ని దాటిపోయింది, 1903లో వేటగాడికి ఔన్సుకు 32 డాలర్లు ఇచ్చేవాళ్లు, ఔన్సు బంగారం అప్పుడు 21 డాలర్లకు లోపే. మరి ఆ ఈక ఉండేది గూట్లో పిల్లలున్నప్పుడే కదా. తల్లినీ తండ్రినీ గూటి దగ్గరే కాల్చేస్తే వెనక నోళ్లు తెరుచుకుని కూర్చున్న పిల్లలు ఆకలికి మాడి చచ్చేవి. ఒక్క ఈక కట్ట వెనక ఒక కొంగల పేట మొత్తం ఖాళీ అయ్యేది.

దీన్ని ఆపింది కూడా ఆడవాళ్లే, ఈ మాట ఎక్కువమంది చెప్పరు. 1889లో ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ ఇంట్లో ఆడవాళ్లు కూడి, ఈకలు పెట్టుకోం అని ఒట్టు పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ పక్షుల కోసం పనిచేసే అతి పెద్ద సంస్థ అలా పుట్టిందే. 1896లో అమెరికాలో బోస్టన్ ఆడవాళ్లు, హారియట్ హెమెన్‌వే, మిన్నా హాల్, టీలకు పిలిచి మరీ స్నేహితురాళ్ల టోపీలు మాన్పించారు. మన దేశం నుంచి పక్షి ఈకల ఎగుమతిని 1902లోనే ఆపేశారు. ఇంగ్లండు మాత్రం దిగుమతిని నిషేధించడానికి 1921 దాకా తాత్సారం చేసింది. ఈలోగా జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం ఫ్యాషనై, అంత పెద్ద టోపీ తల మీద నిలవక అదో సాయమైంది. చట్టం కంటే మంగలి కత్తెరే ఎక్కువ కొంగల్ని కాపాడిందేమోనని నాకొక అనుమానం.

నాట్ల టైములో దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనకాల బారులు తీరి నడుస్తాయే కొంగలు, ఈసారి వాటి వీపు వైపు ఓసారి చూడండి.

ప్ర: నెమలి గురించే అంతా అడుగుతారు. మా పుంజుకు ఉన్న గీర ముందు నెమలి ఎంత? దీని గురించీ రెండు ముక్కలు రాయండి.
— భీమవరం నుంచి, పేరు రాయొద్దన్నారు

జ: పేరు ఎందుకు రాయొద్దన్నారో అర్థమైంది. పందేలు చట్టరీత్యా నేరం, ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఈకల మాటకొస్తే, ఒక పక్షికి ఈక రంగును బట్టి ఇన్ని పేర్లు పెట్టింది గోదావరి జిల్లాల వాళ్లే అనుకుంటా. ఎర్ర ఈకలైతే డేగ, నల్లవైతే కాకి, తెల్లవైతే సేతువ, మెడ మీద నలుపూ తెలుపూ సమానంగా ఉంటే పర్ల, ఎరుపూ నలుపూ పసుపూ కలిస్తే కౌజు, రెక్కల మీదో వీపు మీదో పసుపు తేలితే నెమలి. చివరికి మీ పుంజుక్కూడా నెమలి పేరే కావాల్సి వచ్చింది, చూశారా!

ప్ర: మేం డాలస్‌లో ఉంటాం. మా ఏడేళ్ల పాప పార్కులో రాలిన కాకి ఈకలు, నీలం రంగు పిట్ట ఈకలు ఏరి తెచ్చి డబ్బాలో దాచుకుంటుంది. అది నేరమని స్కూల్లో ఎవరో చెప్పారట, ఏడుస్తోంది. నేల మీద పడ్డ ఈకకు కూడా కేసా?
— ఒక అమ్మ, డాలస్

జ: చట్టం ప్రకారం అయితే ఔనమ్మా. నేను పైన చెప్పిన టోపీల గొడవకే తోకముక్క ఇది. 1918లో అమెరికాలో వలస పక్షుల చట్టం తెచ్చినప్పుడు, ఈక రాలిందా పీకారా అని కోర్టులో తేల్చడం కుదరని పని కాబట్టి, అసలు దగ్గర ఉంచుకోవడమే తప్పన్నారు. కాకి, నీలం జే పిట్ట రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఊరపిచ్చుక, పావురం, గోరింక జాతి స్టార్లింగ్ మాత్రం లేవు, అవి బయటి నుంచి తెచ్చిన పక్షులు. పసిపిల్ల డబ్బా కోసం పోలీసులేం రారు, భయపెట్టకండి. ఉన్నవాటిని పార్కులోనే వదిలేయించి, పావురం ఈకలతో కొత్త డబ్బా మొదలుపెట్టించండి.

గద్ద ఈకల విషయంలో చట్టం ఇంకా గట్టిది, అక్కడి ఆదివాసులకు మాత్రం దారి వదిలారు. కరెంటు తీగలు తగిలో, బండ్ల కింద పడో చచ్చిన గద్దల్ని కొలరాడోలో ప్రభుత్వం నడిపే ఒక గోదాముకు చేరుస్తారు, తెగల్లో నమోదైనవాళ్లు అర్జీ పెట్టుకుంటే వరస ప్రకారం పంపిస్తారు. మొత్తం గద్ద కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అలా వచ్చిన ఈకను ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లాడు హైస్కూల్ పూర్తి చేసిన రోజున పట్టా టోపీకి కడతారు. కొన్ని స్కూళ్లు టోపీ మీద ఇంకేమీ ఉండకూడదని అడ్డుపడితే కోర్టుల దాకా వెళ్లారు, చివరికి కొన్ని రాష్ట్రాలు ఆ ఈక కోసమే చట్టాలు చేశాయి. మీ పాపకు ఈ కథ చెప్పండి, ఏడుపు మానేసి వంద ప్రశ్నలు వేస్తుంది, వాటికి జవాబులు మీరే చూసుకోవాలి.

ప్ర: ఇన్ని రాశారు, మీ తలపాగాలో కలికితురాయి ఏమిటి సార్?
— పాఠకుడు, కర్నూలు

జ: మా ఆవిడ అడిగినట్టే అడిగారు. తల మీద జుట్టే నిలబడట్లేదు, తురాయి ఎక్కడ గుచ్చమంటారు?